ముందుగా రాసుకోని మాట

బేగంబజారులో దొరకని వస్తువంటూ లేదని మా వూళ్ళో అంటారు. ఇత్తడి గంగాళాల నుంచి గుండుసూదుల దాకా, బాదంపప్పు నుంచి పెళ్ళిపందిరికి కట్టే కాగితప్పూల దాకా అన్నీ టోకున దొరుకుతాయి. రెండో నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు యిచ్చిన స్థలంలో వెలసిన బజారు గనుకనే యీ పేరు నిలిచిందని చెబుతారు. పాతికేళ్ళ క్రితం ఎం.ఏ. తెలుగు చదవడానికి నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చాను. ఆనక ఉద్యోగమూ సంసారమూ యిక్కడే కుదిరిపోయి, ఒక గిన్నెల దుకాణం మీది వాటాలో కాపురముంటున్నాను. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను గనుక చెబుతున్నాను: యీ బజారులో అన్ని సరుకులకంటే ఎక్కువగా చెలామణీ అయ్యేది మాట!

నమ్మకం లేకపోతే ఒక గంటసేపు మా మెట్లమీద కూర్చుని చూడండి. కింది దుకాణం సేఠ్‌జీ యింట్లో మార్వాడీ మాట్లాడతాడు. గల్లాపెట్టె ముందు కూర్చున్నాడంటే గిరాకీ ముఖం చూసి భాష మారుస్తాడు. పాలమూరు నుంచి వచ్చిన ఆసామికి "ఏం గావాలె పెద్దాయనా?" అంటాడు. బెజవాడ నుంచి వచ్చినావిడకు "రండమ్మా, కూర్చోండి" అంటాడు. పాతబస్తీ నుంచి వచ్చినవారికి దక్కనీ ఉర్దూ.

"ఈ పళ్ళెం మరీ పల్చగా వుందేమండీ?" అన్నదొక యిల్లాలు మొన్న.

"పల్చగుంటేనే గదమ్మా, తోమేటప్పుడు చెయ్యి నొయ్యది!" అన్నాడు సేఠ్‌జీ, రెప్పకొట్టకుండా.

ఈ జవాబు ఆయనకు ఎవరు రాసిచ్చారు? ఎన్నిసార్లు వల్లెవేశాడు? ఎవరూ రాసివ్వలేదు, ఎన్నడూ వల్లెవేయలేదు. ఎదుటివారి మాటలోంచే తన మాట పుట్టించుకున్నాడు. పళ్ళెం పల్చగా లేదని వాదిస్తే బేరం పోయేది. పల్చదనాన్ని ఒప్పుకుని, దాన్నే గుణంగా మార్చాడు. ఈ చిన్న కిటుకును జ్ఞాపకం వుంచుకోండి. దీనితో ముందుముందు పని వుంది.

క్రిందటి ఏడు బాలల దినోత్సవానికి మా పేటలోని ఒక బడివారు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. పాటల పోటీయో, పద్యాల పోటీయో అనుకుని బయల్దేరబోతే, "ఆశు నాటిక పోటీ సార్" అన్నది ఆ బడి తెలుగు టీచరమ్మ. మన నగరంలో బళ్ళలోనూ కాలేజీలలోనూ జరిగే ఉత్సవాలలో 'మ్యాడ్ యాడ్స్' అని ఒక ఆట వుంటుంది. ఒక జట్టుకు ఏదో అర్థంపర్థంలేని వస్తువు పేరు చెప్పి, కొద్ది నిమిషాల గడువిచ్చి, దాన్ని అమ్మే ప్రకటన ఒకటి అభినయించమంటారు. టీచరమ్మ దానినే కొంచెం మార్చి, అమ్మకం తీసేసి కథ పెట్టింది. జట్టుకు ఆరుగురు పిల్లలు. ఒక చీటీ తీయాలి, దానిమీద వున్న విషయాన్ని రెండు నిమిషాలు ఆలోచించుకోవాలి, నాలుగు నిమిషాలు ఆడాలి. కాగితం వుండదు, ప్రాంప్టరు వుండడు. గంట కొట్టగానే ఆపేయాలి. చుట్టుపక్కల మూడు బళ్ళ నుంచి జట్లు వచ్చాయి.

మన తెలుగువారికి నాటకాల పోటీలు కొత్తకాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు వెలసింది. 'పరిషత్తు నాటకం' అంటే పోటీ నాటకమనే అర్థమే స్థిరపడిపోయింది. అయితే అవన్నీ రాసుకున్న నాటకాలు, నెలల తరబడి రిహార్సల్స్ వేసుకున్న నాటకాలు. అప్పటికప్పుడు మాట పుట్టించడం మనకు మరోచోట వుంది. తోలుబొమ్మలాటలో రాముడూ సీతా పద్యం దాటి అడుగు వేయరు. కేతిగాడూ బంగారక్కా తెరమీదికి వచ్చారంటే మాత్రం ఆ వూరి కరణం పిసినారితనం దగ్గర్నుంచి ఆనాటి పప్పుల ధర దాకా అన్నీ వాళ్ళ నోట పడవలసిందే. ఆ మాటలు ఏ గ్రంథంలోనూ వుండవు, ఏ వూరికావూరు పుడతాయి.

ఇక అవధానం సంగతి చెప్పాలా? తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక ఆ పోటీకి వెళ్ళేముందు నా మనసంతా అవధానంమీదే వుంది. పృచ్ఛకుడు సమస్య యిస్తాడు. ఆ పాదం వినడానికి అసంబద్ధంగా వుంటుంది, ఒక్కోసారి బూతులాగా కూడా వినబడుతుంది. అవధాని "ఇదేం సమస్యండీ, నేను పూరించను" అనడానికి వీల్లేదు. ఇచ్చినదాన్ని యిచ్చినట్టే పుచ్చుకుని, ముందు మూడు పాదాలు చేర్చి, ఆ తప్పుడు మాటను ఒప్పు మాటగా చేసి సభకు అప్పగించాలి. మా సేఠ్‌జీ పల్చటి పళ్ళెం కిటుకు సరిగ్గా యిదే! దత్తపదిలో నాలుగు పొంతనలేని మాటలిస్తారు, అవీ పుచ్చుకోవాలి. ఒక్క నిషిద్ధాక్షరిలోనే పృచ్ఛకుడు అడుగడుగునా "ఈ అక్షరం వద్దు, ఆ అక్షరం వద్దు" అంటూ అడ్డుపడతాడు. కాని ఆ అడ్డు కూడా ఆటలో భాగమే. ఇక అప్రస్తుత ప్రసంగి వున్నాడే, ఆయన వేసే కొంటె ప్రశ్నలకు సరసంగా జవాబివ్వలేని అవధానికి ఎంత ధారణ వున్నా సభ రంజకం కాదు.

పోటీకి వెళ్ళేముందు యీ విద్య పరదేశాల్లో ఎలా వుందో కూడా కొంత చదువుకున్నాను. మాస్టరుద్యోగం కదా, చదవకుండా వెళితే కాళ్ళాడవు! అమెరికాలో షికాగో నగరంలో 1889లో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ అనే యిద్దరు హల్ హౌస్ అనే సేవాసదనం పెట్టారు. దేశదేశాల నుంచి కూలికోసం వచ్చి ఆ వాడల్లో వుంటున్నవారికి అది ఆసరా. నీవా బాయిడ్ అనే ఆవిడ అక్కడ ఆటల ద్వారా పిల్లలకూ పెద్దలకూ కలిసి మెలగడం నేర్పేది. ఆవిడ దగ్గర చదువుకున్న వయోలా స్పోలిన్ 1930ల చివర అదే నగరంలో నాటకం నేర్పడానికి పూనుకున్నది. వచ్చే పిల్లలు ఒక్కొక్కరిదీ ఒక్కో యింటి భాష. పాఠం చెబితే తలకెక్కదు. అందుకని ప్రతి పాఠాన్నీ ఒక ఆటగా మార్చింది. ఆ ఆటలన్నీ 1963లో పుస్తకంగా వచ్చాయి. ఆవిడ కుమారుడు పాల్ సిల్స్ మరికొందరితో కలిసి 1959లో షికాగోలో పెట్టిన 'సెకండ్ సిటీ' నాటకశాల యీ ఆటల మీదనే లేచింది.

ఇంగ్లండులో కీత్ జాన్‌స్టన్ అనే ఆయన కథ మరో రకం. ఆ దేశంలో 1968 దాకా ఏ నాటకాన్నయినా ఆడేముందు దాని ప్రతిని దొరతనంవారి అధికారికి చూపించి అనుమతి పుచ్చుకోవాలి. ముందుగా రాసుకోని నాటకానికి ప్రతి ఎక్కడినుంచి తెస్తారు? అందువల్ల ఆశు నాటకమంటేనే చట్టానికి పెడగా నిలబడినట్టు. మన హైదరాబాదువారికి యీ బాధ చెప్పకుండానే అర్థమవుతుంది. నిజాం పాలనలో 'గస్తీ నిషాన్ 53' అనే ఉత్తర్వు వుండేది. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావలసిందే. ముందుగా రాసుకోని మాటంటే దొరలకు ఎక్కడైనా గుబులే కాబోలు!

ఈ జాన్‌స్టనే తరువాత కెనడా వెళ్ళి, కాల్గరీ నగరంలో 1977లో ఆశు నాటకాన్ని రెండు జట్ల పందెంగా చేశాడు. అందుకు ఆయనకు స్ఫూర్తి ఏమిటనుకున్నారు? మల్లయుద్ధం! కుస్తీ చూడవచ్చిన జనం వేసే కేకలూ ఈలలూ నాటకశాలలో ఎందుకు లేవని ఆయన బాధ. ఎదుటివాడు అన్నదాన్ని కాదనడం అన్నిటికంటే పెద్ద దోషమని ఆయన శిష్యులకు బోధించేవాడు. అదే ఏడు అదే దేశంలో ఒటావాలో హైస్కూలు పిల్లల జట్లకోసం యిటువంటి పోటీలే మొదలై, దేశమంతా పాకాయి. పిల్లలు ముందుగా ప్రేమతో పోటీపడతామని అందరూ కలిసి ప్రమాణం చేసి మరీ రంగంమీదికి వస్తారు. అక్కడ కూడా ఆటకు నాలుగు నిమిషాలే గడువు. ఆలోచనకు మాత్రం పదిహేను సెకండ్లే. మా టీచరమ్మ యిచ్చిన రెండు నిమిషాలు వాళ్ళ లెక్కలో ఒక యుగం!

స్పోలిన్‌గారికి మాత్రం మెప్పుకోసం, గెలుపుకోసం ఆడే ఆట గిట్టదు. "బాగుంది, బాగులేదు" అని పెద్దలు ఎప్పుడైతే తీర్పు చెప్పసాగారో, అప్పుడే పిల్లవాడి దృష్టి ఆట నుంచి పెద్దల ముఖాలమీదికి తిరిగిపోతుందని ఆవిడ వాదం. జాన్‌స్టన్ ఏమో పందెం పెడితేనే జనానికీ పిల్లలకూ ఉత్సాహమంటాడు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. ఆ రెండు నిజాల మధ్య చేతిలో మార్కుల కాగితం పట్టుకుని ముందువరసలో కూర్చున్నాను.

ఆ కాగితంలో అయిదు గడులున్నాయి: ఊహ, నటన, భాష, సమయపాలన, సందేశం. గడికి పదేసి మార్కులు. నాతోపాటు యింకా యిద్దరు నిర్ణేతలు. ఒకరు పదవీవిరమణ చేసిన తెలుగు పండితులు, తరతరాల విద్యార్థులకు ఛందస్సు నేర్పిన పెద్దమనిషి. మరొకరు వయసులో వుండగా పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టినాయన.

ఒక జట్టువారి ఆట చప్పగా ముగిసింది. తరువాత వచ్చిన జట్టుకు 'వానలో ఆగిపోయిన బస్సు' అని చీటీ వచ్చింది. కండక్టరూ డ్రైవరూ ప్రయాణీకులూ క్షణంలో తయారయ్యారు. ఒక అబ్బాయి లేచి నిలబడి కాలుష్యం మీద ఉపన్యాసం అందుకున్నాడు. ఎంత చక్కటి తెలుగు! ఒత్తులు ఒత్తులే, దీర్ఘాలు దీర్ఘాలే. మధ్యలో వెనకసీటు బుడుతడు, "డ్రైవరన్నా, వాననీళ్ళు లోపలికొస్తున్నై!" అన్నాడు. ప్రాణమున్న మాట అదొక్కటే. ఉపన్యాసకుడు ఆ మాట విననట్టే ప్లాస్టిక్ సంచులమీదికి వెళ్ళిపోయాడు. ఆఖరున ఆరుగురూ గోపురంగా నిలబడి నినాదమిచ్చారు. హాలు మారుమోగింది. ఆ ఉపన్యాసం బస్సులో చెప్పినట్టే బావి దగ్గరా చెప్పవచ్చు, పెళ్ళిలోనూ చెప్పవచ్చు. అది ఏ చీటీ వచ్చినా అతికించడానికి తెచ్చుకున్న మాట.

మూడో జట్టు మా పేట బడి పిల్లలు. చీటీలో 'అమ్మకానికి వచ్చిన వస్తువు మాట్లాడింది' అని వుంది. టీచరమ్మ ఒక సొట్టబడ్డ ఇత్తడి బిందె వేదికమీద పెట్టింది. ఒక పిల్ల నడుము వంచి అవ్వ అయిపోయింది. పాత బిందె యిచ్చేసి స్టీలు బిందె కొనుక్కుపోవడానికి వచ్చిందట. ఒక అబ్బాయి సేఠ్. చేతులే కాంటాగా పట్టుకుని తూచి, "తరుగు తీస్తా అవ్వా, సొట్టకు వేరే తరుగు" అన్నాడు. అంగడి పిల్లవాడు కదా, హాలంతా పకపక నవ్వింది. బిందె వేషం కట్టినవాడు మరో పిల్లవాడు, ఎనిమిదో తరగతి. ఇంట్లో మార్వాడీ, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు. 2018లో వచ్చిన చట్టంవల్ల తెలంగాణ బళ్ళలో పదో తరగతి దాకా తెలుగు దశలవారీగా తప్పనిసరి అయింది గనుక తెలుగు కూడా చదువుతున్నాడు. క్లాసులో మాత్రం యీ మూడేళ్ళలో ఒక్కసారీ నోరు విప్పలేదని టీచరమ్మ నాకు తరువాత చెప్పింది.

బిందె మాట్లాడవలసిన క్షణం వచ్చింది. పిల్లవాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. ఒక సెకండు, రెండు సెకండ్లు, అయిదు. చెవులు ఎర్రబడ్డాయి. కళ్ళు టీచరమ్మ కోసం వెతికాయి. ముందువరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇటువంటి క్షణంలో నోరు మూసుకున్న పిల్లలు మళ్ళీ ఎన్నేళ్ళకు తెరుస్తారో ఉపాధ్యాయులైన పాఠకులకు చెప్పనక్కరలేదు.

అప్పుడు సేఠ్ వేషగాడు, "ఏందవ్వా, నీ బిందె మాట్లాడ్త లేదు?" అన్నాడు.

"నోట్లె నీళ్ళు పొయ్యంది ఎట్ల మాట్లాడ్తది బిడ్డా?" అన్నది అవ్వ. అని, లేని చెంబుతో లేని నీళ్ళు వాడి నోట్లో పోసింది.

వాడు గుడగుడమన్నాడు. జనం నవ్వారు, ఈసారి వాడితో కలిసి. ఆ నవ్వు తగ్గకముందే, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ అన్నాడు: "నన్ను తూకం చేసిన్రు. నేను మోసిన నీళ్ళు... తూకం చెయ్యలే."

హాలు నిశ్శబ్దమైపోయింది. సేఠ్ కాంటా దించి, "తరుగు తియ్య అవ్వా, పో!" అన్నాడు. గంట మోగింది.

సమస్యాపూరణం చెప్పడానికి యింతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. పిల్లవాడి మౌనమే సమస్య. ఆ పిల్ల దాన్ని కప్పిపుచ్చలేదు, వాడి బదులు తాను మాట్లాడనూ లేదు. తప్పును తప్పుగానే పుచ్చుకుని కథలో చేర్చింది.

మార్కులు కూడేటప్పుడు గొడవ మొదలైంది. పండితులుగారు బిందె జట్టుకు భాషలో మూడూ, సందేశంలో రెండూ వేశారు.

"'తూకం చేసిన్రు' ఏమిటండీ? తూకం వేస్తారు గాని చేస్తారా? లెక్చరరుగారూ, మీరు ఎం.ఏ. చదివినవారు, మీరే దాన్ని సమర్థిస్తే ఎలా? తప్పు దిద్దకపోతే మనమెందుకండీ?" అన్నారాయన.

"దిద్దవలసిందే నండీ, కాదనను. అయితే దిద్దడానికి ముందు మాటంటూ వుండాలిగా? మూడేళ్ళకు వచ్చిన మొదటి మాటకు మూడు మార్కులని ఈ కాగితం రేపు బోర్డుకు అంటిస్తారు. నాలుగో ఏడు వాడు మాట్లాడతాడా?" అన్నాను.

"కాలుష్యంమీద ఆ అబ్బాయి ఎంత శుద్ధంగా చెప్పాడు!"

"శుద్ధంగానే చెప్పాడు. కాని అది నిరుడు చెప్పినా అలాగే వుంటుంది, వచ్చే ఏడు చెప్పినా అలాగే వుంటుంది. బస్సులోకి నీళ్ళొస్తున్నాయని పక్కవాడు అరుస్తుంటే విననివాడికి ఆశు నాటికలో మొదటి బహుమతి ఎలా యివ్వడం?"

నాటకాలాయన యిద్దరినీ చూసి నవ్వి, "రంగంమీద పక్కవాడి మాట విననివాణ్ణి మా రోజుల్లో నటుడనేవాళ్ళం కాదండీ" అన్నాడు. కాని ఆయన కూడా గోపురానికి నటనలో తొమ్మిది వేసి వున్నాడు. కూడి చూస్తే బస్సు జట్టు రెండు మార్కుల తేడాతో గెలిచింది. షీల్డు వాళ్ళకే వెళ్ళింది. వేసిన మార్కులు వేసినట్టే వుండాలి గనుక నేనూ సంతకం పెట్టాను. బోర్డుమీద మాత్రం గెలిచిన జట్ల పేర్లే వుంచి, మార్కుల కాగితం అంటించవద్దని అడిగితే ముగ్గురమూ ఒప్పుకున్నాం.

సభ ముగిశాక పండితులుగారు తమంతట తామే ఆ పిల్లవాణ్ణి పిలిచారు.

"ఆ నీళ్ళ తూకం మాట నీకెవరు నేర్పార్రా?"

"ఎవ్వరు నేర్పలే సార్. వచ్చింది."

పండితులుగారు ఒక క్షణం ఆగి, నావైపు తిరిగారు. "విన్నారా? 'వచ్చింది' అంటున్నాడు. ఆశుకవులు కూడా యిదే చెబుతారు కదండీ" అన్నారు. తరువాత వాడి భుజంమీద చెయ్యివేసి, "తూకం 'వేశారు' అనాలి నాన్నా. మిగతాదంతా బాగుంది" అన్నారు. వాడు తల వూపి, "తూకం వేసిన్రు" అన్నాడు. పండితులుగారు నవ్వి వూరుకున్నారు.

ఆ 'వచ్చింది' గురించి నేను చాలారోజులు ఆలోచించాను. మన భాషలో ఎంత వింతైన నుడికారం! "నీకు తెలుగు వచ్చా?" అని అడుగుతాం. "రాదు" అంటారు, లేదా "వచ్చు" అంటారు. భాష మనం తెచ్చుకునే సరుకు కాదు, దానంతటది వచ్చే చుట్టం. చుట్టం రావాలంటే వాకిలి తెరిచి వుండాలి. మా క్లాసుల్లో మేం చేస్తున్నదేమిటి? ప్రశ్న మాదే, జవాబూ మాదే. గైడులో వున్న జవాబు పరీక్షలో దింపినవారికి నూటికి తొంభై అయిదు. ఆ తొంభై అయిదు వచ్చిన పిల్లను మా వీధిలో ఒక కిలో చింతపండు తెలుగులో బేరమాడి తెమ్మంటే, ఫోను తీసి బొమ్మ చూపిస్తుంది!

ఇంతకూ పోటీ వుండాలా, వద్దా? వుండాలనే నా అభిప్రాయం. పందెం లేకపోతే ఆ పిల్లవాడు వేదిక ఎక్కేవాడే కాదు, జట్టుకు ఆరో మనిషి తక్కువై వాణ్ణి లాక్కొచ్చారట. అయితే దేనికి మార్కు వేస్తే పిల్లలు దాన్నే పెంచుకుంటారు. సందేశానికి వేస్తే ఉపన్యాసం కంఠస్థం చేసుకొస్తారు. వచ్చే ఏడు సందేశం గడి కొట్టేసి, 'పక్కవారి మాట అందుకోవడం' అని పెట్టండని టీచరమ్మతో చెప్పాను. "వినడానికి మార్కులెలా వేస్తాం సార్?" అని ఆవిడ సందేహించింది. చాలా సులువు. ఒకరు అన్న మాట మరొకరి నోట కథ అయి తిరిగి వచ్చిందా లేదా అని లెక్కపెడితే సరి. బుడుతడి వాననీళ్ళు తిరిగి రాలేదు. బిందె మౌనం తిరిగి వచ్చింది.

ఉపాధ్యాయులైన పాఠకులకు ఒక మనవి. దీనికి హాలూ షీల్డూ అక్కరలేదు. శనివారం ఆఖరి పీరియడులో నలుగురు పిల్లల్ని ముందుకు పిలిచి, ఒక గొడుగో తాళంచెవో చేతికిచ్చి, నాలుగు నిమిషాలు వదిలిపెట్టండి. మధ్యలో దిద్దకండి, కావాలంటే గంట కొట్టాక దిద్దండి. నేనూ మా కాలేజీలో మొదలుపెట్టాను. మొదటి వారం పక్క క్లాసు లెక్చరరుగారు అల్లరికి విసుక్కుని తలుపు తట్టారు. రెండో వారం తలుపు తట్టలేదు, గుమ్మంలో నిలబడి చూశారు. మూడో వారం మా పిల్లలకు నలుగురిలో ఒకరు తక్కువైతే, ఆయన్నే తాళంచెవి పట్టుకోమన్నారు!